టేక్ ఆఫ్: ఎగిరినదా, ఆగినదా?

పశ్చిమ బెంగాలులోని సాలువాకు చేరువనే ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ఉన్నది. అక్కడ ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడినవి. 1944 జూన్ 5న అమెరికన్ బి-29 విమానాలు ఆ ప్రాంతపు స్థావరాల నుండే బ్యాంకాక్‌పై దాడికి ఎగిరాయి. విమానం నేల విడవడాన్ని ఆంగ్లంలో ‘టేక్ ఆఫ్’ అంటారు.

అయితే రైలును ‘టేకెన్ ఆఫ్’ అని ప్రకటిస్తే, అది బయలుదేరినదని కాదు. దానిని రద్దు చేశారని అర్థం. విమానపు అర్థాన్ని రైలుకు అన్వయించుకొన్న ప్రయాణికుడు మర్నాడు మూటాముల్లెతో వస్తాడు. ఆ బండి మాత్రం రాదు.

‘ఆఫ్’ అనగా వేరుపడడం. కోటు ‘టేక్ ఆఫ్’ చేస్తే ఒంటి నుండి తొలగుతుంది. పది రూపాయలు ‘టేక్ ఆఫ్’ చేస్తే ధర తగ్గుతుంది. ఒక రోజు ‘టేక్ ఆఫ్’ చేస్తే సెలవు. వ్యాపారం ‘టేక్ ఆఫ్’ అయితే పుంజుకొన్నదన్నమాట. మనిషిని ‘టేక్ ఆఫ్’ చేయడమంటే అనుకరించి నవ్వించడం!

మన ‘ఎత్తివేయు’ సైతం ఇటువంటిదే. ఆనకట్ట గేట్లు ఎత్తివేస్తే నీరు పారుతుంది. దుకాణం ఎత్తివేస్తే మూతపడుతుంది. నిషేధం ఎత్తివేస్తే దారి తెరుచుకొంటుంది. ఏ భాషలోనైనా క్రియ అర్థాన్ని దాని తోడి నామవాచకాన్ని చూసి తేల్చుకోవాలి.