మూకుటిలో మిగిలిన నూనె

గత సంక్రాంతికి మా యింట అరిసెలును, జంతికలును వండితిమి. వంట ముగియునప్పటికి మూకుటిలో సగము నూనె మిగిలెను. పొదుపు నెఱిగిన గృహిణి నూనెను పాఱబోయునా? మూతపెట్టి దాచి, మఱునాడు అప్పడములను, ఆ మఱునాడు వడియములను, నాలుగవనాడు బజ్జీలను అందులోనే వేయించితిని. నూనె నల్లబడి, చిక్కబడి, పొయ్యిమీద పెట్టగనే నురుగెత్తి పొగ చిమ్మెను. మా అత్తగారు ఒక బజ్జీ కొఱికి, "అమ్మాయీ, నూనె మిగిలినది గాని రుచి మిగులలేదే" యని పళ్ళెము ప్రక్కకు జరిపిరి. పిల్లలును తినలేదు. పాఱవేయ మనసొప్పక ఆ బజ్జీలన్నియు నేనే తింటిని. ఇట్టిది మన యిండ్ల నిత్యము జరుగునదే గనుక ఈ నెల దీనిని గూర్చియే వ్రాయుచున్నాను.

ఇనుము త్రుప్పు పట్టుటయు, కోసిన వంకాయ నల్లబడుటయు, నూనె చెడుటయు ప్రాణవాయువు కలియుటచేత కలుగు మార్పులే. మన దేహమునందును ఇట్టి పని జరుగుచుండును. తిన్న యన్నమును కణములు ప్రాణవాయువు సాయమున శక్తిగా మార్చుకొనునపుడు ఫ్రీ రాడికల్స్ అను మిక్కిలి చురుకైన పదార్థములు కొన్ని పుట్టును. ఇవి యించుక యుండుట దోషము కాదు. రక్తమునందలి తెల్లకణములు సూక్ష్మక్రిములను చంపుటకు ఇట్టివానినే ఆయుధములుగ వాడును. మితిమీరినపుడు మాత్రము కణముల పైపొరయందలి క్రొవ్వును, లోపలి డి.ఎన్.ఏ.ను గాయపఱచును. వీనిని అణచు రక్షకములను కొన్నిటిని దేహమే తయారుచేసికొనును. కొన్నిటిని ఆహారమునుండి గ్రహించును. దాడి హెచ్చి రక్షణ చాలని స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి యని పేరు. 1985లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్ముట్ సీస్ ఈ మాటను ప్రచారములోనికి తెచ్చెను. గుండెజబ్బులకును, మధుమేహమునకును దీనితో సంబంధము కలదు.

ఇక మన చేతిలోనున్నది చూతము. మొదటిది నూనె. మరల మరల కాచిన నూనెలో చేరు చెడుపదార్థములు నూటికి 25 పాళ్ళు మించినచో దానిని వాడరాదని 2018 జూలై 1 నుండి మన దేశమున నియమము కలదు. ఇంట కొలుచు సాధనము లేదు గాని కన్నును ముక్కును కలవు. రంగు ముదిరినను, నురుగు కట్టినను, త్వరగా పొగ వచ్చినను ఆ నూనె పనికిరాదు. చిన్న మూకుటిలో కొద్ది నూనె పోసి వేయింపుడు. మిగిలినదానిని వడగట్టి ఒకటి రెండు దినములలో పోపులకు వాడుడు. పాతనూనెలో క్రొత్తనూనె కలుపకుడు.

రెండవది పొగ. వంటయింటి కిటికీ తెఱచియుంచుడు. పొగాకు ఏ రూపమున నైనను విడువవలసినదే. ఉత్తరాంధ్రమున కొందఱు స్త్రీలకు చుట్ట నిప్పువైపును నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు కలదు. అది అంగిటి క్యాన్సరునకు దారితీయును.

మూడవది ఆహారము. దినమునకు 400 గ్రాములకు తక్కువ కాకుండ కూరగాయలు, పండ్లు తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఖరీదైన ఫలములే కానక్కఱలేదు. మన జామపండులో నారింజకంటె కొన్ని రెట్లు అధికముగ సి విటమిను కలదు. తోటకూర, మునగాకు చౌకయే. కూరలు కోసినపిదప కడుగక, కడిగి కోయుడు. ఉడికించిన నీరు పాఱబోయకుడు. దినమున కొంతసేపు వడిగా నడచుటయు, రాత్రి కంటినిండ నిద్రించుటయు దేహరక్షణను బలపఱచును.

"ఇంత శ్రమ యేల? సీసాలలో అమ్ము మాత్రలు మ్రింగిన చాలదా?" యని మా పొరుగు వదినగారు అడిగిరి. ఫిన్లండు దేశమున జరిగి 1994లో ప్రకటింపబడిన పరీక్షయందు, పొగత్రాగు పురుషులు 29,133 మందిలో కొందఱకు బీటాకెరోటిను మాత్రలను అయిదు మొదలు ఎనిమిది సంవత్సరముల వఱకు ఇచ్చిరి. వారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా, ఆ మాత్రలు తీసికొననివారికంటె నూటికి 18 వంతున హెచ్చుగ కనబడెను. కావున మనంతట మనము మాత్రలు కొని మ్రింగరాదు. వైద్యులు వ్రాసియిచ్చిన వానిని మానను రాదు.

సోదరీమణులారా! జామపండు కోసినపుడు ముక్కలన్నియు పిల్లలకును పురుషులకును పంచి, అడుగున మిగిలిన అన్నమును, ఎవరును తినని బజ్జీలను మనము తినుట పొదుపని తలచుచున్నాము. ఆ పొదుపునకు వెల మన దేహమే చెల్లించును. వంటచేసిన చేతికి పండులో నొక ముక్క, పప్పులో నొక గరిటె ముందే తీసి యుంచుకొనుట స్వార్థము కాదు.

మొన్న ఉగాదికి చిన్న మూకుటిలో బూరెలు వండితిని. మిగిలినది రెండు గరిటెల నూనె. మఱునాటి పులిహోర పోపునకు సరిపోయెను.