టికెట్ కొనని జనం కోసం

2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసీమియా బాధితుల కోసం ఎన్టీఆర్ ట్రస్టు తమన్ సంగీత కచేరీ పెట్టింది. టికెట్లు అమ్మారు, నిధులొచ్చాయి. మంచిదే. నా పేచీ ‘టికెట్ పెట్టకపోతే అది సేవెలా అవుతుంది?’ అనే మిత్రులతో.

మల్టిపుల్ స్క్లెరోసిస్ సంగతి చూడండి. ఒంట్లోని రక్షణవ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను దెబ్బతీస్తుంది. చూపు మసకబారుతుంది, కాలు తడబడుతుంది. చాలామందిలో కొన్నాళ్ళకు తగ్గినట్టే ఉండి మళ్ళీ తిరగబెడుతుంది. మా సదుంలో అలా తూలే మనిషిని చూస్తే తాగాడనుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాతో పాటు దీన్నీ గుర్తించింది. ఊరు గుర్తించలేదు. చెల్లో విద్వాంసురాలు జాక్వెలిన్ దు ప్రే కచేరీలు ఈ జబ్బు వల్లే 28 ఏళ్ళకి ఆగిపోయాయి. ఆవిడ జబ్బుకి ఒక పేరైనా దొరికింది. మనవాళ్ళకి డబ్బుకన్నా ముందు కావలసింది ఆ పేరే.

అందుకే ఆరుబయట, ఉచితంగా పాడాలంటాను. మనకిదేం కొత్త? మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడితే గేటుండదు. హరికథలో హారతి పళ్ళెం తిరుగుతుంది, వేసేవాళ్ళు వేస్తారు. నిధులకి ఆ దారి ఉండనే ఉంది. కాకపోతే పొద్దుగూకాక మొదలుపెట్టండి, వేడికి ఈ లక్షణాలు ముదురుతాయి. కుర్చీలు వేయండి. పాటల మధ్య మంత్రిగారికి బదులు ఒక రోగి చేతికి మైకివ్వండి.

టికెట్ కొన్నవాడు ఆ పేరు ఎలాగూ ఫోన్లో వెతుక్కోగలడు. కాలు ఎందుకు తడబడుతోందో తెలియని మనిషి టికెట్ కొనని జనంలోనే ఉన్నాడు.