పుట్టుక తెలియని పంటకు పొలం కుదువ పెట్టొద్దు



పదడుగుల గది ఉంటే చాలు, కిలో పుట్టగొడుగులకు లక్ష రూపాయలు, పండిందంతా మేమే కొంటాం అని చెప్పే వీడియోలు మన పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ పంట పేరు కార్డిసెప్స్, అంటే గొంగళిపురుగు పుట్టగొడుగు. వడ్లకు తరుగు, పత్తికి తేమ అంటూ పెట్టే కోతలతో విసిగిన యువ రైతు కొత్త పంట వైపు చూడటంలో తప్పు లేదు. కాని సంతకం పెట్టే ముందు అది ఎట్లా పుడుతుందో, ఎట్లా పెరుగుతుందో తెలుసుకోవాలి. మోసానికి సందు అక్కడే ఉంది.

లక్షల ధర పలికేది హిమాలయాల్లో దొరికే రకం. ఉత్తరాఖండ్‌లో దాన్ని కీడా జడీ అంటారు, నేపాల్‌లో యార్సాగుంబా అంటారు. 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తున ఒక జాతి రెక్కల పురుగు, గొంగళి దశలో కొన్నేళ్లపాటు మట్టిలో వేర్లు తింటూ బతుకుతుంది. శిలీంధ్రం దాని ఒంట్లో చేరి, లోపలంతా అల్లుకుని చంపుతుంది. మంచు కరిగే మే, జూన్ నెలల్లో చచ్చిన పురుగు తల నుంచి కాడ మొలిచి నేలపైకి వస్తుంది. అక్కడి జనం కొండల మీద పాకుతూ వాటిని ఏరుకుంటారు. అది మన సుల్తానాబాద్‌లో పండేది కాదు.

వీడియోల్లో చెప్పేది దాని ధర, మనకు అంటగట్టేది దాని చుట్టమైన కార్డిసెప్స్ మిలిటారిస్. దీనికి పురుగు అక్కర్లేదు, దంపుడు బియ్యం చాలు. బియ్యం, పోషక ద్రావణం పోసిన సీసాలను 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేసి, చల్లారాక కల్చర్ వేస్తారు. ఒకటి రెండు వారాలు చీకట్లో ఉంచితే తెల్లటి బూజు అల్లుకుంటుంది. తర్వాత రోజూ పన్నెండు గంటల వెలుతురు ఇస్తే నారింజ రంగు కాడలు లేస్తాయి. మొత్తం రెండు నెలల పని.

బియ్యానికి మనకు కొదవ లేదు. కొదవ చల్లదనానికే. గది ఎప్పుడూ 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. పక్కనున్న రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. బోరు మోటారుకు ఉచిత కరెంటు ఉంది, ఏసీ గదికి లేదు. గాలిలోని వేరే బూజు ఒక్కసారి చొరబడితే సీసాలన్నీ పారబోయాల్సిందే.

అసలు కీలకం కల్చర్. అదే ఈ పంటకు విత్తనం. తల్లి కల్చర్‌ను మళ్లీ మళ్లీ మార్చి పెంచుతూ పోతే సత్తువ తగ్గుతుంది. తెల్లటి బూజు వస్తుంది, కాడ మాత్రం లేవదు. అంటే శిక్షణ పేరుతో డబ్బు తీసుకున్నవాడి దగ్గరికే ప్రతిసారీ కల్చర్ కోసం పోవాలి. కొనేవాడూ అతనే, నాణ్యత చెప్పేవాడూ అతనే. ఆడ, మగ వరి విత్తనం వేసిన కరీంనగర్ రైతుకు ఈ ఉరి కొత్త కాదు. నోటిమాట ఒప్పందం, కంపెనీ ఇచ్చిన విత్తనం, దిగుబడి పడిపోతే రైతుదే తప్పు. పక్షులనూ గుడ్లనూ మేమే కొంటామన్న ఈము కంపెనీలు చేతులెత్తేసినప్పుడు కూడా మునిగింది పెంచిన రైతే.

కాబట్టి మన సంఘం రైతులకు చెప్పేది ఇదీ. ఏ ధర గురించి మాట్లాడుతున్నారో, అది ఏ రకానిదో ముందు అడగండి. కల్చర్ ఎక్కడిదో, కాడ రాకపోతే నష్టం ఎవరిదో, కొనుగోలు ధర ఎంతో కాగితం మీద రాయించుకోండి. కొంటామన్నవాడు కాక, మార్కెట్లో ఇంకెవరు కొంటారో విచారించండి. పొలం కుదువ పెట్టి మాత్రం దిగొద్దు.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఉంది. హిమాచల్‌లోని సోలన్‌లో కేంద్ర పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పరిజ్ఞానాన్ని రామగిరిఖిల్లా, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాలకు తెప్పించాలి. మన ఎండల్లో ఖర్చెంత, దిగుబడెంత అని అక్కడ పండించి చూపాలి. మంచి కల్చర్‌ను సర్కారీ ధరకు ఇవ్వాలి. పునఃకొనుగోలు ఒప్పందాలను వ్యవసాయ శాఖ దగ్గర నమోదు చేయించాలి. ప్రయోగం ఖర్చు సర్కారు భరించాలి. లెక్క తేలాక, లాభం కనిపిస్తే అప్పుడు రైతు దిగుతాడు.