పండుగ గిరాకీలో దొంగ కార్డు

రంజాన్ నెల దగ్గర పడుతున్నదంటే ఇంటి నుంచే వ్యాపారం సాగించే సోదరీమణులకు చేతినిండా పని. అత్తరు, ఖర్జూరం, జరీ దుపట్టాలు, పిల్లల పండుగ దుస్తులు - ఒకప్పుడు వీధి దాటని ఈ సరుకు నేడు ఆన్‌లైన్ దుకాణాల ద్వారా విదేశాలకూ చేరుతున్నది. కొనుగోలుదారు కార్డు నంబరు నమోదు చేస్తాడు, సొమ్ము జమ అయినట్లు సందేశం వస్తుంది, మనం పెట్టె కట్టి పంపిస్తాము. ఈ తొందరే మోసగాడికి కావలసిన అదను.

ముందుగా నష్టం ఎలా సంభవిస్తుందో గ్రహించాలి. ఇతరుల కార్డు వివరాలను దొంగిలించినవాడు వాటితో మన వద్ద సరుకు కొంటాడు. కొన్ని వారాల తర్వాత అసలు యజమాని తన ఖాతా వివరాలు చూసుకొని, ‘ఈ కొనుగోలు నాది కాదు’ అని తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు ఆ మొత్తాన్ని మన నుంచి వెనక్కు తీసుకుంటుంది. దీనినే ఛార్జ్‌బ్యాక్ అంటారు. ఇటువంటి ఫిర్యాదుకు వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనలు సాధారణంగా 120 రోజుల గడువు ఇస్తాయి. అనగా సొమ్ము మన ఖాతాలో పడినంత మాత్రాన అది మనదైపోయినట్లు కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. రూ. 20,000 ఆర్డరులో సరుకు, కొరియరు ఖర్చులు రూ. 16,000 పోగా లాభం రూ. 4,000 అనుకుందాం. అది దొంగ కార్డు అని తేలితే పోయేది లాభం ఒక్కటే కాదు; పెట్టుబడి రూ. 16,000 కూడా పోతుంది. పైగా ఛార్జ్‌బ్యాక్ రుసుము ఉంటుంది. ఆ పెట్టుబడిని రాబట్టుకోవాలంటే అటువంటి నిజమైన ఆర్డర్లు మరో నాలుగు పూర్తి చేయాలి. చిన్న వ్యాపారానికి ఇది ఒక పండుగ సంపాదన మొత్తం.

‘ఓటీపీ వస్తుంది కదా, భయమెందుకు?’ అని కొందరు అడుగుతారు. మన దేశంలో జారీ అయిన కార్డులతో ఆన్‌లైన్‌లో చెల్లించేటప్పుడు అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. అయితే ఈ నియమం విదేశీ బ్యాంకులు జారీ చేసిన కార్డులకు వర్తించదు. వాటిలో అనేకం ఓటీపీ లేకుండానే చెల్లుతాయి. కనుక విదేశీ ఆర్డర్ల విషయంలో మరింత జాగరూకత అవసరం.

అనుమానించదగిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. కొత్త కొనుగోలుదారు ధర, కొలత, రంగు ఏదీ అడగకుండా ఖరీదైన సరుకును పెద్ద సంఖ్యలో కోరడం. ఎంత ఖర్చయినా సరే వెంటనే పంపమని ఒత్తిడి చేయడం. ఒక కార్డు తిరస్కరణకు గురైతే నిమిషాల్లో మరొకటి, ఆపై ఇంకొకటి ప్రయత్నించడం. వేర్వేరు పేర్లతో ఉన్న కార్డులతో ఒకే చిరునామాకు సరుకు తెప్పించుకోవడం. చెల్లింపు పూర్తయ్యాక చిరునామా మార్చమనడం. అతి స్వల్ప మొత్తాలతో వరుసగా అనేక చెల్లింపులు జరిగితే, దొంగిలించిన కార్డులలో ఏది పనిచేస్తున్నదో మీ దుకాణంలో పరీక్షిస్తున్నారని అర్థం.

మరొక పాత ఎత్తు కూడా ఉన్నది. ‘నా కార్డు నుంచి కొంత ఎక్కువ తీసుకోండి, ఆ అదనపు సొమ్మును మా రవాణాదారునికి పంపండి’ అంటారు. ‘పొరపాటున ఎక్కువ చెల్లించాను, మిగిలినది వేరే ఖాతాకు వేయండి’ అనేది దీనికి సోదరి వంటిదే. వీటికి ఒకే సమాధానం: ఏ కార్డు నుంచి సొమ్ము వచ్చిందో ఆ కార్డుకే తిరిగి వెళ్ళాలి. మరో మార్గం లేదు.

అయితే ఒక్క లక్షణం చూసి ఎవరినీ దొంగగా భావించరాదు. జిద్దాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు కర్నూలులోని తల్లికి పండుగ చీర పంపిస్తే, కార్డు ఒక దేశానిది, చిరునామా మరొక దేశానిది అవుతుంది. మన కుటుంబాలలో ఇది నిత్యం జరిగేదే. రెండు మూడు లక్షణాలు కలిసి కనిపించినప్పుడే ఆగి విచారించాలి. అప్పుడు కూడా ‘పెద్ద ఆర్డరు కనుక ఒకసారి నిర్ధారించుకుంటున్నాము’ అని మర్యాదగా ఫోను చేస్తే చాలు. నిజమైన కొనుగోలుదారు సంతోషిస్తాడు. మోసగాడు సాధారణంగా మాట దాటవేస్తాడు.

నివారణకు కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. మీకు చెల్లింపుల సేవ అందించే సంస్థను సంప్రదించి, విదేశీ కార్డులకు త్రీడీ సెక్యూర్ ధ్రువీకరణ అమలు చేయమని కోరండి. ఆ ధ్రువీకరణ పూర్తయిన చెల్లింపులో, కార్డు దొంగదని తర్వాత తేలినా, ఆ భారం సాధారణంగా కార్డు జారీ చేసిన బ్యాంకుపై పడుతుంది. సీవీవీ లేని చెల్లింపును అంగీకరించకండి. అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకు చిరునామా సరిచూసే సదుపాయం ఉన్నది; మీ సంస్థ దానిని అందిస్తే వినియోగించుకోండి. ఒకే వ్యక్తి ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో పరిమితి పెట్టండి. నిర్ణీత మొత్తం దాటిన ఆర్డరును స్వయంగా పరిశీలించిన తర్వాతే పంపాలని ఇంటిల్లిపాదీ నియమం చేసుకోండి. అనుమానం తీరకపోతే సరుకు పంపక ముందే సొమ్మును అదే కార్డుకు వాపసు చేయండి. స్వల్ప రుసుము పోవచ్చు గాని పెట్టుబడి నిలుస్తుంది.

బిల్లు, కొనుగోలుదారుతో జరిగిన సంభాషణ, కొరియరు రసీదు, అందుకున్నవారి సంతకం - వీటన్నిటినీ భద్రపరచండి. సరుకు అందుకొని కూడా అందలేదనేవారు ఉంటారు. అటువంటి ఫిర్యాదుకు గడువులోగా జవాబివ్వడానికి ఈ పత్రాలే ఆధారం. కార్డుదారుని ఖాతా వివరాలలో మీ దుకాణం పేరు స్పష్టంగా కనిపించేలా చూసుకుంటే, గుర్తుపట్టలేక చేసే ఫిర్యాదులు కూడా తగ్గుతాయి.

జాగ్రత్త పేరుతో కొనుగోలుదారులను కార్డు ఫొటో పంపమని ఎన్నడూ అడగకండి. సీవీవీని వ్యాపారి దాచుకోవడం కార్డు భద్రతా ప్రమాణాలకు విరుద్ధం. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో కార్డు నంబర్లను సైతం వ్యాపారులు నిల్వ ఉంచుకోరాదు. నమ్మి ఇచ్చిన వివరాలు మన చేతిలో అమానతు. అవి మన ఫోను నుంచి జారిపోతే మరొకరి ఇంట నష్టం మొదలవుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి. చెల్లింపుల సంస్థకు తెలియజేయండి. సరుకు ఇంకా దారిలోనే ఉంటే కొరియరువారితో ఆపించండి. 1930 నంబరుకు ఫోను చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

పండుగ ముందు వచ్చే ప్రతి ఆర్డరూ ఆనందమే. పెట్టె కట్టే ముందు ఐదు నిమిషాలు ఆగి చూస్తే ఆ ఆనందం పండుగ తర్వాత కూడా నిలిచి ఉంటుంది.