పాత బియ్యం తినే యోగం మనకు లేదా?

కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, కడుపులో బరువుగా ఉంటుంది. అందుకే మన పెద్దలు ధాన్యాన్ని పురుల్లో, గాదెల్లో నెలల తరబడి నిల్వ ఉంచి మర పట్టించేవారు. పాత బియ్యం నీళ్లు బాగా పీల్చుకుని పొడిపొడిగా ఉడుకుతుంది. జబ్బుపడి లేచినవాళ్లకు పాత బియ్యం అన్నమే పెట్టేవారు. మిగిలిన అన్నం రాత్రి నీళ్లలో పులిస్తే తెల్లారికి చద్దన్నం. గంజి పులిస్తే తరవాణి. పులిసేటప్పుడే సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని కొంత విడగొడతాయి. ఆ మేరకు పొట్టకు పని తగ్గుతుంది.

మరి ఇవాళ? సార్వా ధాన్యం కోత మిషన్ నుంచి నేరుగా లారీ ఎక్కుతోంది. తేమ 17 శాతం దాటితే కొనరు, కొన్నా తరుగు తీస్తారు. ఆరబెట్టడానికి రోడ్డే గతి. దాచే చోటు లేదు, అప్పు ఆగదు. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పండించిన మనమే కొట్లో పాలిష్ బియ్యం బస్తా కొనుక్కుంటున్నాం.

2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల ఊరు మన ఆత్రేయపురం. బియ్యం నానబెట్టి, రుబ్బి, పల్చటి రేకు తీసే చేతులకు బియ్యం గుణం ఒకరు చెప్పాలా? మనకు కరువైంది తెలివి కాదు, గోదాం.

ఊరూరా ఆరబెట్టే కళ్ళం, గోదాం కావాలి. అందులో పెట్టిన ధాన్యం తాకట్టు మీద కౌలు రైతుకూ అప్పు ఇవ్వాలి. ఈలోగా ఇంటి తిండికి సరిపడా ధాన్యం అమ్మకుండా ఆపుకుందాం. మిగతాది సంఘంగా అడిగి సాధించుకుందాం.