పెరటిచెట్టు వైద్యము

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనలో నొక సామెత కలదు. ఆ సామెత చెట్టును నిందించుటకు పుట్టలేదు; పెరటిలోని చెట్టును కన్నెత్తి చూడని యింటివానిని ఎత్తిపొడుచుటకు పుట్టినది. మోటారు పందెముల విషయమున మన పారిశ్రామిక ప్రముఖులును, వారికి వంత పాడు పండితులును చెప్పు మాటలు విన్నప్పుడెల్ల మాకీ సామెతయే జ్ఞప్తికి వచ్చుచున్నది. “బజారులో అమ్ముడుపోవు కారు ఇంజను వేరు, పందెమునకై పుట్టిన ఇంజను వేరు. మొదటిదానినుండి రెండవది రాదు. కావున పందెపు ఇంజనును పరదేశమునుండి కొని తెచ్చుకొనుటయే మనకు గతి” అని వారి తీర్పు. ఇది సాక్ష్యము విచారింపకుండ వ్రాసిన తీర్పు. దీనిపై ప్రజల సన్నిధిని మేము అప్పీలు దాఖలు చేయుచున్నాము.

మా మొదటి సాక్షి పోత ఇనుప దిమ్మ. జర్మనీ దేశమున మ్యూనిచ్ నగరమందలి బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 1962లో ‘1500’ అను పేర ఒక కారును అమ్మకమునకు పెట్టెను. సంసారులు పిల్లలతో నెక్కి తిరుగు బండి అది. దాని ఇంజనును రూపొందించినవాడు ఆలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌసెన్. నాలుగు సిలిండరులు, ఇనుప బ్లాకు, సుమారు 80 అశ్వశక్తుల బలము. తరువాత ఎం10 అని పేరొందిన ఈ వంశపు ఇంజనులు పాతికేండ్లకు పైగా తయారగుచు లక్షలాది కార్లలో ఇమిడి, పాలవానివలె ప్రతిదినము తమ పని తాము చేసికొనిపోయినవి. వానిని చూచి ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు.

ఫార్ములా వన్ పందెములలో ఆ కాలపు నియమమేమన, గాలిని సహజముగా పీల్చు ఇంజను మూడు లీటర్ల వరకు ఉండవచ్చును. గాలిని బలవంతముగా లోనికి నెట్టు టర్బో గల ఇంజను ఒకటిన్నర లీటరు మించరాదు. పౌల్ రోషె అను ఇంజనీరు ఈ రెండవ మార్గమును పట్టి, ఆ ఎం10 బ్లాకునే తీసికొనెను. సిలిండరు వ్యాసము 89.2 మిల్లీమీటర్లు, పిస్టను నడక 60 మిల్లీమీటర్లు చేసి, సరిగా ఒకటిన్నర లీటరునకు తెచ్చెను. 1982 జనవరిలో దక్షిణాఫ్రికా యందలి క్యాలామీలో బ్రాభమ్ బండి వెనుక ఆ ఇంజను తొలిసారి పందెమునకు దిగెను. ఆ యేటి జూను నెలలో డెట్రాయిట్ నగరమున నెల్సన్ పికే అంతటి చోదకుడు దానితో పందెమునకు అర్హతయైన పొందలేకపోయెను. వారము తిరుగునప్పటికి, జూను 13వ తేదీన, మాంట్రియల్‌లో అదే పికే అదే ఇంజనుతో గెలిచెను. 1983 అక్టోబరు 15వ తేదీన మరల ఆ క్యాలామీలోనే ప్రపంచ విజేత ఆయెను. టర్బో ఇంజనుతో చోదకుల ప్రపంచ పదవిని గెలిచిన మొదటివాడతడే. తొలి పందెమునుండి ఈ దినమునకు 630 దినములు. 1986 నాటికి అర్హత పరుగులలో ఆ ఇంజను బలము 1200 అశ్వశక్తులకు మించెనని అంచనా. ఎనుబది ఎక్కడ, పండ్రెండువందలు ఎక్కడ!

ఇది మంత్రము కాదు. ఇంజను బలమనగా అది మ్రింగగల గాలి, ఆ గాలికి తగిన ఇంధనము, ఆ రెంటి మంటను ఓర్చుకొనగల లోహము, అంతియే. గాలి కొరకు ఒక్కొక్క సిలిండరునకు నాలుగేసి వాల్వులు పెట్టి, పొగతో తిరుగు టర్బోను తగిలించిరి. నొక్కబడిన గాలి వేడెక్కును. దానిని చల్లబరచి లోనికి పంపిరి. అప్పటికిని ఇంధనము వేళకు ముందే భగ్గుమని పిస్టనులను కరగించుచుండెను. ఇంధనపు పాళ్లనే మార్చి, మంటను, ఇంధనపు ధారను నడుపుటకు బాష్ సంస్థవారి ఎలక్ట్రానిక్ యంత్రమును అమర్చిరి. తిరుగు వేగము రెట్టింపైనచో పిస్టను, రాడ్డులపై పడు ఈడ్పు నాలుగింతలగును. కావున ఆ భాగములన్నిటిని పందెమునకు తగిన గట్టివానిగా క్రొత్తగా చేసిరి. మలుపులలో నూనె ఒక ప్రక్కకు పొర్లిపోయి బేరింగులు మాడకుండ, క్రింది తొట్టిలోని నూనెను ఎప్పటికప్పుడు తోడి వేరు తొట్టికి చేర్చు ఏర్పాటు చేసిరి. ఒక్కొక్క దోషము ఒక్కొక్క ఇంజనును పగులగొట్టి బయటపడినది. పగిలిన ప్రతి ముక్కను కొలచి, కారణము వ్రాసికొని, మరల కట్టిరి. రహస్యమంతయు ఇదియే.

మరియొక ముచ్చట కలదు. ఆ పందెపు ఇంజనులకు క్రొత్త బ్లాకులకంటె, ఎంతో దూరము తిరిగిన పాత కార్ల బ్లాకులే మేలని ఏరి తెచ్చిరని ప్రసిద్ధి. ఈ మాటకు శాస్త్రాధారము లేకపోలేదు. పోతపోసిన ఇనుము చల్లారునప్పుడు దానిలో కొన్ని బిగువులు చిక్కుకొనును. ఏండ్ల తరబడి వేడెక్కి చల్లారి ఆ బిగువులు సడలినపిదప ఇనుము వంకర తిరుగదు. లోకము పాత ఇనుపసామానని తూకమునకు వేయుదానిని వారు పరీక్షకు నిలిచిన లోహమని గ్రహించిరి.

ప్రతివాదులు లేచి, “పిస్టను క్రొత్తది, వాల్వు క్రొత్తది, టర్బో క్రొత్తది; బ్లాకు ఒక్కటి మిగిలినంతమాత్రమున అది వీధికారు ఇంజను ఎట్లగును?” అని అడుగుదురు. అయ్యా, వాదము నడుచుచున్నది ఆ బ్లాకును గూర్చియే కదా! ప్రేలుడు బలమంతయు భరించునది అది. ఇల్లాలు కూరగాయలకు పోవు బండిలోని ఇనుము పదిరెట్లకు పైబడిన బలమును మోయగలదని ఋజువైన తరువాత, “పునాది లేదు, కావున గోడ లేపము” అను సాకు ఎట్లు నిలుచును? ఇంకొక ఆక్షేపణ కలదు. దానిని మేము దాచము. 1984 మొదలు వరుసగా మూడేండ్లు చోదకుల ప్రపంచ పదవి పోర్షె సంస్థ తెల్లకాగితముపై క్రొత్తగా గీచి కట్టిన టి.ఎ.జి. ఇంజనునకు దక్కెను. నిజము. వీధి ఇంజను ఎల్లప్పుడు గెలుచునని మేమనలేదు, గెలువగలదని అంటిమి. మరియు పోర్షెవారికి ఆ తెల్లకాగితముపై గీయు చేయి ఒక్కనాట రాలేదు. ఏండ్లతరబడి ఇంజనులను విరిచి, కట్టి, నేర్చిన చేయి అది.

ఒక్క సాక్షి చాలదందురా? ఇంగ్లండులో కాస్వర్త్ సంస్థ ఫోర్డువారి ‘పింటో’ అను సామాన్యమైన రెండు లీటర్ల ఇంజను బ్లాకుపై క్రొత్త తల నమర్చి, టర్బో తగిలించి, సియెర్రా కారుకు 204 అశ్వశక్తుల ఇంజనును చేసెను. 1987లో వచ్చిన దాని తోబుట్టువు ఆర్.ఎస్. 500, కార్ల పందెములలో 500 అశ్వశక్తులకు పైబడి పలికినది. అంతకు పూర్వమే ఆ దేశమున, నిప్పు ఆర్పుటకు నీళ్లు తోడు చిన్న కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజను పందెపు ఇంజనుగా మారి లోటస్ బండ్లను నడపినది. పంపు ఇంజనునకు తగిన పందెము మన ఇండ్ల ఇంజనులకు తగదా?

ఇక మన సంగతి. 2008 మొదలు 2018 వరకు ఫార్ములా వన్‌లో మన దేశము పేరు ధరించిన జట్టొకటి పరుగెత్తెను. దాని కర్మశాల ఇంగ్లండులోని సిల్వర్‌స్టన్‌లో ఉండెను. ఇంజను మొదటి యేట ఫెరారీవారిది, 2009 మొదలు మెర్సిడెస్‌వారిది. పేరు మనది, పతాకపు రంగులు మనవి, గుండె పరులది. 2011 మొదలు మూడేండ్లు గ్రేటర్ నోయిడాలో ప్రపంచ పందెము జరిగెను. మనము టిక్కెట్లు కొని, చెవులు మూసికొని, చప్పట్లు కొట్టితిమి. పొరుగింటి పుల్లకూర రుచి యను మాట ఇంతకంటె బాగుగ ఎచ్చట ఋజువగును? మారుతి ఇంజనులమర్చిన చిన్న పందెపు బండ్లపై మన యువకులు చాలకాలముగా పోటీపడుచున్నారు; అది మెచ్చదగినదే. కాని అచట అందరికిని ఒక్క తీరు ఇంజనే. పరీక్షకు నిలుచునది చోదకుని నేర్పు, ఇంజనీరుది కాదు.

నిరుడు మా కచేరీకి ముగ్గురు ఇంజనీరింగు విద్యార్థులు చందాకై వచ్చిరి. కోయంబత్తూరు చెంత ఏటేట జరుగు ఫార్ములా భారత్ పోటీకి బండి కట్టుచుండిరి. ప్రమాదమున దెబ్బతిన్న మోటారుసైకిలునుండి ఇంజను కొని తెచ్చిరి. నియమము ప్రకారము గాలి పోవు దారి 20 మిల్లీమీటర్లకు మించరాదు. అంత సన్నని గొంతుతో బలము రప్పించుట ఎట్లని వారు లెక్కలు వేసిన పుస్తకమును చూచి మేము అబ్బురపడితిమి. వారి భయమెల్ల నూనెను గూర్చి. మోటారుసైకిలు మలుపులో ఒరుగును గనుక నూనె అడుగుననే నిలుచును. నాలుగు చక్రముల బండి ఒరుగదు, నూనె ప్రక్కకు పారును. తొట్టిలో అడ్డుగోడలు కట్టి, ఇంజనును వంచి నిలిపి పరీక్షించి చూడవలెనని వారి కోరిక. కళాశాలలో పరీక్షాయంత్రము కలదు. దానికి గుడ్డ కప్పి, గదికి తాళము వేసియున్నారు. తనిఖీ అధికారులు వచ్చు దినమున తాళము తీయుదురు. “యంత్రము పాడగును” అని జవాబు వచ్చెను. వారు పరీక్ష లేకయే పోయిరి. పోటీలో మూడవ మలుపున బేరింగు మాడెను. వారిలో నొకడు ఇప్పుడు వేరొక నగరమున వేరొకరి లెక్కలు చూచు ఉద్యోగమున నున్నాడు. మాడినది బేరింగు మాత్రమే కాదు.

కావున మా ప్రార్థన మూడు మాటలు. కళాశాలల పరీక్షాయంత్రముల తాళములు విద్యార్థుల చేతికి రావలెను. విరుగుటకు భయపడు యంత్రశాల యంత్రశాల కాదు, వస్తుప్రదర్శనశాల. కార్ల సంస్థలు తమవద్ద తిరిగి అరిగిన బ్లాకులను తూకమునకు వేయక, వాని కొలతల పటములతో సహా పరిశోధించువారికి ఇయ్యవలెను. పందెములు నడుపు సంఘములు, ఈ దేశమున అమ్ముడుపోవు కారు బ్లాకుతోనే, ఇంజనీరుకు చేతినిండ స్వేచ్ఛ నిచ్చి, ఒక తరగతి పందెమును నెలకొల్పవలెను. ఇందుకు కావలసినది కోట్లు కాదు. ఓడిపోయిన ఇంజనును విప్పి చూచు ఓపిక.

డెట్రాయిట్‌లో తలదించుకొన్ననాడు మ్యూనిచ్ ఇంజనీరులు తమ ఇనుమును నిందించి వేరొకరి ఇంజనును కొనితెచ్చుకొనియుండిన, వారము దినములకు మాంట్రియల్ ఉండెడిది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలమాట. ఆ బ్లాకు ఇరువదియేండ్లు ఇండ్లలో గెలిచి, ఆ మీదట రచ్చ గెలిచినది. మన పెరటిలోను చెట్టున్నది. వైద్యుడే ఇంకను రావలసియున్నాడు; వచ్చినవానిని గుమ్మమునుండి త్రిప్పి పంపకుండుట మన వంతు.