తీరం దాటిన తుపాను – బస్తర్ పల్లెల పట్ల మన కర్తవ్యం

తుపాను తీరం దాటిందన్న వార్త వెలువడగానే పత్రికలు, ప్రభుత్వ యంత్రాంగం, ప్రజానీకం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం పరిపాటి. "తీరం దాటింది, బలహీనపడింది" అన్న రెండు మాటలతో ఆ ఉపద్రవం ముగిసినట్లే భావిస్తాము. కాని తీరం దాటిన తుపాను ఎక్కడికి పోతుందన్న ప్రశ్న వేసుకొనేవారు అరుదు. తీరాన్ని తాకిన వాటిలో కొన్ని తూర్పు కనుమలను దాటి, తమలో మిగిలిన నీటిని దండకారణ్య పీఠభూమి మీద కుమ్మరిస్తాయి. అక్కడ పేరు పోయిన ఆ తుపాను తాకిడికి గురి అయ్యేవి బస్తర్ పల్లెలు.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు, అంతకు మించి ఉంటేనే అది తుపాను. అంతకు తగ్గితే తీవ్ర వాయుగుండం, తరువాత వాయుగుండం, ఆ తరువాత అల్పపీడనం. ఈ వర్గీకరణ శాస్త్రీయమైనదే. దానిని తప్పు పట్టవలసిన పని లేదు. అయితే గాలి తగ్గినంత మాత్రాన వాన తగ్గదు, వాగు తగ్గదు, కూలిన గోడ తిరిగి లేవదు. గాలి బలహీనపడిన కొలదీ మన సానుభూతి కూడా బలహీనపడడమే తప్పు పట్టవలసిన విషయం.

ఇందుకు నిదర్శనాలు మన కళ్ళ ఎదుటనే ఉన్నవి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ అక్కడితో ఆగలేదు. ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరాదికి సాగి, దాని అవశేషం చివరకు నేపాల్ హిమాలయాలలో మంచు తుపానై 40 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నర్సాపురం సమీపాన తీరం దాటిన మోంథా సైతం తెలంగాణ, దక్షిణ ఛత్తీస్‌గఢ్‌ల వైపే కదిలింది. అదే సంవత్సరం ఆగస్టు చివరి వారంలో తుపాను అన్న పేరే లేని వర్షాలకు బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలు వరదల పాలయినవి. ప్రాణనష్టం జరిగింది. వంతెనలు కొట్టుకుపోయినవి. రెండు వేలకు పైబడిన జనం సహాయ శిబిరాలలో తలదాచుకొన్నారు. ఆ వరదకు పేరు లేదు. అందుచేతనే దానిని దేశం త్వరగా మరచిపోయింది.

తెలుగువారికి బస్తర్ పరాయి సీమ కాదు. శబరి నది ఒడ్డునున్న కుంటలో తెలుగు వినని వీధి ఉండదు. ఆ ప్రాంతపు దోర్లా ఆదివాసులకు తెలుగుతో తరతరాల పరిచయం. భద్రాచలం వద్ద గోదావరి పొంగినప్పుడు శబరి నీరు వెనుకకు తన్ని కుంట ప్రాంతాన్ని ముంచెత్తుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నదికి రాష్ట్ర సరిహద్దులు తెలియవు. సహాయానికి మాత్రం అవి అడ్డం కావడం ఏ విధంగా న్యాయం?

రైల్వే ఉద్యోగులకు ఈ బంధం మరింత సన్నిహితమైనది. 1960వ దశకంలో నిర్మితమైన కొత్తవలస – కిరండూల్ మార్గం సుమారు 445 కిలోమీటర్ల పొడవున, 58 సొరంగాలను దాటుకొంటూ బైలదిల్లా కొండలను విశాఖ రేవుతో కలుపుతున్నది. వాల్తేరు డివిజనుకు చెందిన ఎన్నో కుటుంబాలు ఈ మార్గం మీదనే జీవితాలు గడిపినవి. జగదల్‌పూర్, బచేలీ, కిరండూల్ రైల్వే కాలనీలలో మన పిల్లలు పెరిగారు. వానాకాలపు రాత్రులలో చేత లాంతరు పట్టి పట్టాల వెంట గస్తీ తిరిగిన గ్యాంగ్‌మన్‌కు ఆ కొండవాగుల స్వభావం ఎవరూ చెప్పనక్కరలేదు. 2023 సెప్టెంబరులో కోరాపుట్ ప్రాంతాన మనబార్, జరతి స్టేషన్ల మధ్య కొండచరియలు విరిగిపడినప్పుడు, ఈ మార్గం తెగితే బస్తర్ ఎంతటి ఏకాకి అవుతుందో మరోమారు రుజువయింది.

అయితే ఒక చేదు నిజాన్ని మనం దాచుకోరాదు. ఖనిజం బండి నడిచే పట్టా తెగితే రేయింబవళ్ళు పని జరుగుతుంది, జరుగవలసిందే. కాని స్టేషను నుండి ఐదు కోసుల దూరంలో ఉన్న పల్లెకు పోయే దారిలో తూము కొట్టుకుపోతే దానికి ఆ తొందర ఉండదు. దశాబ్దాల సంఘర్షణలో నలిగిపోయిన ఆ పల్లెలలో చాలావాటికి సరి అయిన దారే ఇటీవల వచ్చింది. వచ్చిన దారి ఒక్క రాత్రిలో పోతే ఆ పల్లె మళ్ళీ పాత చీకటిలోకి జారుతుంది.

ఇక నష్టం ఎట్టిదో చూడవలసియున్నది. తుపానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు మాసాలలోనే బస్తర్‌లో వరి కోతకు వస్తుంది. ఏడాదికి ఒక్క పంట మీద బ్రతికే కుటుంబానికి ఆ రెండు వారాలే సంవత్సరం. కోసి పరచిన పనలు నానితే గింజ మొలకెత్తుతుంది. మొలకెత్తని ధాన్యమైనా తేమ నూటికి 17 పాళ్ళు మించితే సర్కారు కొనుగోలు కేంద్రం తిప్పి పంపుతుంది. అప్పుడు సంతకు వచ్చిన వర్తకుడు చెప్పినదే ధర. తినే గింజ, అమ్మే గింజ, మరుసటి ఏటి విత్తనం మూడూ ఒకే కుప్పలో తడిసిపోతాయి.

చట్టం సహాయం చేయదా అంటే, కాగితం మీద చేస్తుంది. 2016 నాటి ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో, కోసి పొలంలో ఆరవేసిన పంటకు 14 రోజుల వరకు తుపాను వానల నుండి రక్షణ ఉన్నది. కాని నష్టం జరిగిన 72 గంటలలోగా రైతు ఆ సంగతి తెలియజేయాలి. వాగు పొంగి, కరెంటు పోయి, ఫోను మూగబోయిన పల్లెలో ఆ 72 గంటలూ చెట్టు కింద గడచిపోతాయి. నాలుగవనాడు నీరు తగ్గి రైతు పట్నం చేరేసరికి అతని హక్కుకు కాలదోషం పట్టి ఉంటుంది.

ఇంటి సంగతి ఇంతకంటె విచారకరం. 2022 – 26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం పూర్తిగా దెబ్బతిన్న ఇల్లు, కచ్చా ఇల్లయినా సరే, మైదానంలో 1,20,000 రూపాయలకు, కొండ ప్రాంతంలో 1,30,000 రూపాయలకు అర్హమైనది. దానినే "గుడిసె" అని వ్రాస్తే వచ్చేది 8,000 రూపాయలు. మట్టిగోడలు, పెంకు లేక గడ్డి కప్పు గల ఆదివాసీ ఇల్లు ఇల్లా, గుడిసెయా? నష్టం అంచనా వేసే ఉద్యోగి కలం ఒక్క మాట వ్రాయడంలోనే లక్ష రూపాయల పైచిలుకు తేడా ఉన్నది. వర్షాధార పంట పోతే అదే ప్రమాణాలు ఇచ్చేది హెక్టారుకు 8,500 రూపాయలు, అనగా ఎకరాకు మూడున్నర వేల లోపు. అటవీ భూమిని తాతల నాటి నుండి సాగు చేస్తున్నా 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా చేతికి రాని రైతుకు ఆ మాత్రం దక్కుతుందన్న భరోసా కూడా లేదు.

కనుక గ్రామ పునరుద్ధరణ అంటే దుప్పట్లు, పులిహోర పొట్లాలు పంచి ఛాయాచిత్రం తీయించుకోవడం కాదు. మొదటి వారంలో అన్నం కావాలి, నిజమే. ఆ తరువాత కావలసినవి విత్తనం, కూలి, కాగితం, దారి. ఈ నాలుగూ మరుసటి పంట చేతికి వచ్చేవరకు కావాలి.

ఈ పాఠం మనకు దివిసీమ నేర్పినదే. 1977 నవంబరు 19న ఉప్పెన విరుచుకుపడి, పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయినప్పుడు దేశం నలుమూలల నుండి సహాయం అందింది. మండలి వెంకట కృష్ణారావు వంటి నాయకులు, పేరు లేని వేలాది కార్యకర్తలు ఆ నేల మీదనే నిలిచి పనిచేశారు. శవాలకు సంస్కారం చేయడంతో వారి పని ముగియలేదు. ఉప్పు పట్టిన పొలాలు బాగుపడాలి, ఇళ్ళు లేవాలి, పడవలూ వలలూ మళ్ళీ సమకూడాలి. అదంతా ఏండ్ల తరబడి సాగవలసిన పని. తీరమంతటా తుపాను ఆశ్రయ భవనాలు వెలసినవి. ముందస్తు హెచ్చరికలు మెరుగుపడినవి. 1999లో ఒడిశా మహా తుపానుకు సుమారు పదివేల మంది బలికాగా, 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చిననాడు లక్షలాది జనాన్ని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. సంకల్పం ఉంటే సాధ్యమేనని తీరం రుజువు చేసింది. ఆ సంకల్పం కొండ ఎక్కడమే ఇక మిగిలినది.

సోదర ఉద్యోగులారా! ఈ కర్తవ్యంలో మనకు ఇతరులకు లేని అవకాశం ఒకటి ఉన్నది. పల్లెకు చేరే దారులలో రెండు మన చేతులలోనే ఉన్నవి: ఒకటి పట్టా, రెండవది తపాలా సంచి.

2018 ఆగస్టులో కేరళ వరదల సమయాన సహాయ సామగ్రిని రైల్వేలు ఉచితంగా చేరవేసినవి. మంచినీరు సైతం రైలు మీద వెళ్ళింది. ఆ సదుపాయం తీరానికి, పెద్ద నగరాలకు పరిమితం కారాదు. విత్తనాలు, పశుగ్రాసం, ఇంటి కప్పు రేకులు బస్తర్‌లోని చిన్న స్టేషన్లలో సైతం దిగేటట్లు మనం పట్టుపట్టాలి. తెగిన మార్గం మీద గూడ్సు బండితో పాటే ప్రయాణికుల బండి కూడా కదలాలని కోరాలి. ఆస్పత్రికి, సంతకు, కూలికి పోయే జనానికి అదే ఆధారం.

తపాలా సోదరుల బాధ్యత ఇంతకంటె బరువైనది. ఒకనాడు ఈ.డి. ఉద్యోగులని, నేడు గ్రామీణ డాక్ సేవకులని పిలువబడుతున్న మన బ్రాంచి పోస్టుమాస్టర్లు పల్లెలోనే కాపురముంటారు. ఎవరి ఇల్లు ఇల్లో, ఎవరిది గుడిసెయో, ఎవరి కుప్ప తడిసిందో వారికి తెలిసినంతగా పట్నం నుండి వచ్చిన అధికారికి తెలియదు. ఉపాధి పనుల కూలిని తపాలా పొదుపు ఖాతాల ద్వారా పల్లెలకు చేర్చిన అనుభవం మన శాఖకు ఉన్నది. కార్యాలయం పైకప్పు ఎగిరిపోతే బడిలోనో, చెట్టు నీడనో బల్ల వేసుకొని బట్వాడా తిరిగి మొదలుపెట్టాలి. నీటిలో పోయిన పాసుబుక్కుకు బదులు మరొకటి రుసుము లేకుండా ఇప్పించాలి. గోండీ, హల్బీ, దోర్లీ తప్ప మరో భాష రాని మనిషికి దరఖాస్తు వ్రాసిపెట్టాలి. 72 గంటలలోగా బ్రాంచి పోస్టాఫీసులో ఇచ్చి, తేదీ ముద్ర వేయించుకొన్న కాగితాన్ని బీమా నోటీసుగా అంగీకరించాలని మనం ప్రభుత్వాన్ని కోరాలి. ఆ ముద్ర మన చేతిలో ఉన్నది. దానికి చట్టబలం చేకూర్చడం పాలకుల చేతిలో ఉన్నది.

ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి మరి రెండు ఉన్నవి. సహాయాన్ని గాలి వేగాన్ని బట్టి గాక జరిగిన నష్టాన్ని బట్టి నిర్ణయించాలి. మట్టి ఇంటిని ఇల్లుగానే గుర్తించి, అంచనా జాబితాను గ్రామసభలో చదివి వినిపించిన తరువాతనే ఖాయపరచాలి.

మన సమస్యలే మనకు చాలవా అని ప్రశ్నించే మిత్రులు లేకపోలేదు. వారికి మన సమాధానం ఇది: వరదలో గస్తీ తిరిగే గ్యాంగ్‌మన్ ఇల్లు, అరపూట భత్యంతో సంచి మోసే డాక్ సేవకుని ఇల్లు కూడా ఆ పల్లెలలోనివే. తన కప్పు ఎగిరిపోయినా పనికి హాజరైన ఆ సోదరునికి ముందుగా అండ నిలువని సంఘం ఊరికి ఏమి అండ కాగలదు? అతని హాజరు, అతని భత్యం, అతని ఇల్లు మన మొదటి బాధ్యత. అతని వెనుక ఉన్న పల్లె రెండవ బాధ్యత. ఈ రెంటి నడుమ వైరుధ్యం లేదు.

కావున ప్రతి శాఖా సభ్యులకు విజ్ఞప్తి చేస్తున్నాము. విపత్తు సంభవించిన నెలలో ఒక్కరోజు వేతనం ఇవ్వండి. అది తీరానికే గాక కొండకు కూడా చేరేటట్లు చూడండి. వసూలైన ప్రతి రూపాయి లెక్కను శాఖ నోటీసు బోర్డు మీద వ్రాయండి. పంచిన రోజునే గాక, ఆరు నెలల తరువాత మరోమారు ఆ ఊరికి వెళ్ళి చూడండి. విత్తనం మొలచిందా, కప్పు నిలిచిందా, కూలి డబ్బు చేరిందా అని అడగండి. చేరలేదని చెబితే తిరిగి వచ్చి పోరాడండి.

వాతావరణ శాఖ తుపానుకు సెలవు ఇచ్చిన చోటనే మన పని మొదలవుతుంది. బస్తర్ రైతు మరుసటి పంటను కుప్ప వేసిననాడే ఆ తుపాను నిజంగా తీరం దాటినట్లు లెక్క.